హెపటైటిస్ బి యున్న ఇల్లాలికి సంతానము కలుగదా?

పెండ్లియై నాలుగైదేండ్లు గడచినను కడుపు పండనిచో మన నల్లగొండ, పాలమూరు సీమలలో జరుగు క్రమము చదువరులకు తెలియనిది కాదు. మొదట ముడుపులు, చెరువుగట్టున అమావాస్య నిద్రలు, కురుమూర్తి జాతరలో మ్రొక్కులు. పిదప ఊరి వైద్యుడు, అతని సూదులు. అటుపిమ్మట చేను తాకట్టు పెట్టియో, మెడలోని గొలుసు కుదువబెట్టియో పట్టణమందలి సంతాన చికిత్సాలయము. అచ్చట డాక్టరు మందు వ్రాయుటకు పూర్వమే పెద్ద పరీక్షల చీటి యొకటి వ్రాసి చేతికిచ్చును. భార్యాభర్తలిరువురికిని రక్తము తీయుదురు. ఆ పరీక్షల వరుసలో హెచ్.ఐ.వి., హెపటైటిస్ సి మొదలగువాని నడుమ హెచ్.బి.ఎస్.ఏ.జి. అను పంక్తి యొకటి యుండును. మరునాడు వచ్చిన కాగితమున ఆ పంక్తి యెదుట ‘పాజిటివ్’ అని యున్నచో ఆ యింటి సంతానచింత యంతటితో వేరొక రూపు దాల్చును.

మావారు బడిపంతులగుటచే ఇంగ్లీషు కాగితమేది వచ్చినను చదివించుకొనుటకు మా గుమ్మమునకే తెచ్చుట మా యూరివారికి వాడుక. అట్టి కాగితము కొంగున దాచుకొని, మగవారు లేని వేళ జూచి నా యొద్దకు వచ్చిన స్త్రీలు ఒకరిద్దరు కారు. వారి ప్రశ్నలు ఇంచుమించు ఒక్కతీరుగనే యుండును. నాకిక పిల్లలు కలుగరా? కలిగినచో వారికిని ఈ రోగము తగులునా? ఇది నాకెట్లు వచ్చినదని అత్తవారితో చెప్పుదును? ఈ కడపటి ప్రశ్న అడుగునపుడే వారి గొంతు పూడిపోవుట నేను చూచితిని. కావున దానితోనే మొదలుపెట్టెదను.

హెపటైటిస్ అనగా కాలేయపు వాపు. మన యిండ్లలో కార్జమని పిలుచుకొనునది ఈ కాలేయమే. తొలకరి వానలకు నీరు కలుషితమైనపుడు ఊరూర కనబడు పచ్చకామెర్లు చాలవరకు ఏ, ఇ అను పేరులుగల వైరసులవి. అవి త్రాగునీటి ద్వారమున, తినుబండముల ద్వారమున వచ్చును. సాధారణముగా కొన్ని వారములలో పోవును. ఇ వైరసు గర్భిణికి మాత్రము ప్రాణాపాయము తేగలదు గనుక నీరు కాచి త్రాగుట మరువరాదు. బి వైరసు త్రోవ పూర్తిగా వేరు. అది రక్తము వలనను, దాంపత్యము వలనను, కాన్పు వేళ తల్లినుండి బిడ్డకును సంక్రమించునే గాని, ఒక పళ్లెమున తినుటచేతను, ఒక గ్లాసున త్రాగుటచేతను, ఒక పక్కపై కూర్చుండుటచేతను రాదు. కామెర్లు కనబడకయే యిరువది ముప్పది యేండ్లు దేహమున దాగియుండుట దీని స్వభావము. అందుచేతనే రోగమను నెరుకయే లేని స్త్రీకి చీటిమీద ‘పాజిటివ్’ అన్న మాట పిడుగువలె తోచును.

1965లో అమెరికా దేశపు పండితుడు బరూక్ బ్లంబర్గు ఆస్ట్రేలియా దేశపు ఆదివాసి యొకని రక్తమున తాను కనుగొనిన క్రొత్త పదార్థమును లోకమునకు వెల్లడించెను. దానికి ఆస్ట్రేలియా యాంటిజెన్ అని పేరు పెట్టిరి. అది ఈ వైరసు పైపొర యని తరువాత తేలినది. 1976లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. నేడు మన చీటీలలో హెచ్.బి.ఎస్.ఏ.జి. అని వ్రాయుచున్నది ఆ పదార్థమునే. ఆయన పుట్టినదినమైన జూలై 28ని ప్రపంచ హెపటైటిస్ దినముగ జరుపుచున్నారు.

ఇక నా సోదరీమణులు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన లెక్క యొకటి కలదు. పెరిగి పెద్దయైనవారికి ఈ వైరసు తగిలినచో నూటికి 95మందికి పైగా దానిని తమంతట తామే జయించి వదిలించుకొందురు. పుట్టిన గడియలలో తగిలిన పసిబిడ్డలలోనో, నూటికి 90మందికి అది జీవితాంతము నిలిచిపోవును. ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. పాతికేండ్ల కోడలి రక్తమున ఈ వైరసు నిమ్మకు నీరెత్తినట్లున్నదనగా, అది బహుశః ఆమె ఉయ్యాలలో నున్ననాడు వచ్చినదే గాని నిన్న మొన్న వచ్చినది కాదు. తల్లి వలన గాకున్న, పసితనమున ఒకే సూదిని పదిమందికి పొడిచిన కాలపు వైద్యము వలన గావచ్చును. జాతరలో పచ్చబొట్టు పొడిచిన సూది వలన గావచ్చును. చెవులు కుట్టిన ముల్లు వలన గావచ్చును. ఈ కాగితమును పట్టుకొని ఆడుదాని నడవడిని తూచువారు తప్పుడు త్రాసు పట్టినవారు. ప్రపంచారోగ్యసంస్థ లెక్క ప్రకారము 2022లో మన దేశమున 2 కోట్ల 98 లక్షల మందికి ఈ వైరసు కలదు. ఇంతమందిని శంకించుటకు ఏ అత్తగారి కోపము చాలును?

మా యూరికి సమీపమున నొక గ్రామమున జరిగిన సంగతి చెప్పెదను. పెండ్లియై ఆరేండ్లయినను పిల్లలు లేని యొక కోడలికి ఒక చికిత్సాలయమున ఈ వైరసు కలదని తేలెను. భర్త ‘నాకేమి రోగము’ అని తన రక్తము నిచ్చుటకు ఒప్పుకొనలేదు. ఆనాటినుండి అత్తగారు ఆమెకు గ్లాసు, పళ్లెము వేరు చేసినది. ఆరు మాసములు గడువకముందే పుట్టింటికి పంపిరి. పెద్దమనుష్యుల పంచాయితిలో తెగతెంపుల మాటయు వచ్చినది. ఆమె మేనమామ చదువుకొన్నవాడు. అక్కను, అక్క బిడ్డలనందరిని తీసికొనిపోయి పరీక్ష చేయించెను. తల్లికిని ఈ వైరసు కలదు, తమ్మునికిని కలదు. అనగా ఆ యింటి బిడ్డలకిది పుట్టుకతో వచ్చినదే. ఇక బలవంతముమీద భర్తకు వీర్యపరీక్ష చేయగా బీజముల సంఖ్య మిక్కిలి తక్కువయని బయటపడినది. అతని రక్తమున ఈ వైరసు లేనే లేదు. సంతానము లేకుండుటకు కారణమొకటి, నింద పడినది వేరొకరిమీద. ఇపుడామె అత్తవారింటనే యున్నది. గ్లాసు మాత్రము ఇంకను వేరుగనే యున్నదని విన్నాను.

ఈ వైరసు సంతానశక్తిని చెరచునా యను ప్రశ్నకు వత్తము. నా యొద్దకు వచ్చినవారితో నేను మొదట చెప్పు మాట యిది: తల్లినుండి బిడ్డకు ప్రాకుటయే తరతరములుగా ఈ వైరసు బ్రతుకుతెరువు. అది సోకిన ప్రతి స్త్రీని గొడ్రాలిని చేయునదే యైనచో, అదియు ఆమెతోపాటే ఎన్నడో నశించియుండెడిది. అది నేటివరకు లోకమున నిలిచియుండుటయే అది సోకిన స్త్రీలు తల్లులగుచున్నారనుటకు సాక్ష్యము.

అయినను దీని ప్రభావము సున్నయని చెప్పరాదు. పురుషుల విషయమున వైద్యులకు కొంత అనుమానము కలదు. 1985 నాటికే పురుష బీజకణములలో ఈ వైరసు జాడను పరిశోధకులు చూపిరి. ప్రయోగశాలలో ఈ వైరసు పైపొర పదార్థమును బీజకణములతో కలిపి చూడగా వాని చలనము మందగించెను. వైరసు సోకిన పురుషులను పరీక్షించిన కొన్ని పరిశోధనలలో బీజముల చురుకు తక్కువగ కనబడినది. మరికొన్నిటిలో భేదమేమియు కనబడలేదు. స్త్రీలలో గర్భాశయ నాళములు మూసికొనుట కొంచెము ఎక్కువయని కొందరు, కాదని కొందరు వ్రాసిరి. మన ప్రాంతమున నాళములు మూసికొనుటకు క్షయ మొదలగు వేరు కారణములు పెక్కు గలవు గనుక అన్నిటిని ఈ వైరసు నెత్తిన రుద్దుట న్యాయము కాదు. నిశ్చయముగ చెప్పదగినది మాత్రమొకటి: వైరసు చిరకాలముండి కాలేయము గట్టిపడి చెడిపోయినచో బహిష్టు క్రమము తప్పును, గర్భము నిలుచుట కష్టమగును, నిలిచినను తల్లికి ప్రమాదము. కావున ‘పాజిటివ్’ అని వచ్చినవారు మొదట చూపించుకొనవలసినది కాలేయ వైద్యునికి. ఆయన కాలేయము బాగున్నదని చెప్పిన పిదప సంతానచికిత్సకు అడ్డు లేదు.

భార్యాభర్తలలో ఒకరికి మాత్రమే ఈ వైరసున్నపుడు రెండవవారికి దానిని తగులనీయకుండ సంతానము పొందుట యెట్లని చాలమంది భయపడుదురు. దీనికి ఉపాయము మిక్కిలి చౌకయైనది. రెండవవారికి టీకా వేయించుటయే. మొదటి సూది, నెలకు రెండవది, ఆరవ నెలకు మూడవది. మూడవ సూది పడిన నెల రెండు నెలలకు రక్తపరీక్ష చేయించి రక్షణశక్తి వచ్చినదని తెలిసికొన్న తరువాత, ఇతర దోషమేమియు లేనిచో, ఆ దంపతులు అందరివలెనే సహజముగ సంతానమునకు ప్రయత్నింపవచ్చును. అంతవరకు నిరోధు వాడుకొనవలెను. ఈ చిన్న సంగతి తెలియక, ‘రోగము తగులును, వేరు పడుకొనుడు’ అని పెద్దలు చెప్పిన మాటకు తలయొగ్గి ఏండ్లకేండ్లు వేరు గదులలో గడిపిన దంపతులను నేనెరుగుదును. అట్లు గడిపినవారికి పిల్లలెట్లు కలుగుదురు?

ఇతర దోషముండి వైద్యసహాయము వలసినవారి మాట వేరు. అందులో తేలికయైనది ఐ.యు.ఐ. వీర్యమును కడిగి, చురుకైన బీజములను వేరుచేసి గర్భాశయమున ప్రవేశపెట్టుదురు. ఐ.వి.ఎఫ్. అనునది అంతకంటె పెద్ద కార్యము. స్త్రీ అండాశయమునుండి అండములను సూదితో వెలికితీసి, గాజుపాత్రలో పురుష బీజముతో కలిపి, ఏర్పడిన పిండమును మూడు లేక ఐదు దినములకు గర్భమున నుంచుదురు. బీజములు మరీ తక్కువైనచో ఒక్కొక్క బీజమును సన్నని గాజుసూదితో అండమున చొప్పించెదరు. దానిని ఇక్సీ యందురు. మన పౌరాణికులు ఈ మాట వినగానే గాంధారి పిండమును నేతికుండలలో పెట్టిన కథనెత్తి, ఇది మనకు క్రొత్త కాదందురు. ఆదిపర్వము నేనును మా తాతగారి యొద్ద చదివినదాననే. కథ చక్కనిదే గాని కుండలో నేమి జరిగినదో వ్యాసులవారు చెప్పలేదు. గాజుపాత్రలో ప్రారంభమైన మొదటి బిడ్డ 1978 జూలై 25న ఇంగ్లాండున పుట్టెను. అదే సంవత్సరము అక్టోబరు 3న కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయుని కృషిచే మన దేశపు మొదటి బిడ్డ పుట్టెను. ఆయన బ్రతికియుండగా ఆ ఘనతను మన్నించినవారు లేకపోయిరి. ఇది కథ కాదు, కనుకనే దుఃఖము.

ఈ చికిత్సలలో హెపటైటిస్ బి యున్నవారికి ఫలము తక్కువగ నుండునా? ఈ విషయమున జరిగిన పరిశోధనలలో చాలవాటియందు, వైరసున్న స్త్రీలకును లేని స్త్రీలకును గర్భము నిలుచుటలో చెప్పదగిన భేదము కనబడలేదు. కావున ఈ కాగితమును చూచి ‘మీకు మేము చేయము’ అని త్రిప్పిపంపు చికిత్సాలయము వైద్యకారణమున పంపుటలేదు. జాగ్రత్తల శ్రమకు జంకి పంపుచున్నది. ఆ జాగ్రత్తలు నిజమునకు అవసరమైనవే. 1980 దశాబ్దము చివర నెదర్లాండ్సు దేశమున ఒక ఆసుపత్రిలో, పిండములను పెంచు ద్రవములో కలిపిన మనుష్యరక్తపు తేటలో ఈ వైరసుండుటచే, సంతానమునకై వచ్చిన స్త్రీలు పలువురు రోగము తెచ్చుకొని పోయిరి. 1995లో ఇంగ్లాండు వైద్యులు మరియొకటి వెల్లడించిరి: అతిశీతలమైన నైట్రోజను ద్రవపు తొట్టిలో పెట్టిన ఒకరి సంచి పగిలి, దానినుండి ఈ వైరసు ప్రక్కవారి సంచులకు ప్రాకినది. అవి పిండములు కావు, ఎముకల మూలుగ. కాని పాఠము ఒక్కటే. అందుచేత మంచి చికిత్సాలయములలో వైరసున్న దంపతుల బీజములను, పిండములను వేరు తొట్టిలోనో, గట్టిగా మూసిన ప్రత్యేకపు గొట్టములలోనో భద్రపరచుదురు. మీరు పోవు చోట ఈ యేర్పాటు కలదా యని అడుగుట మీ హక్కు. అడిగినంతమాత్రమున కోపించు డాక్టరును నమ్ముకొనుటకంటె వేరు గుమ్మము చూచుకొనుట మేలు.

చట్టమును గూర్చి రెండు మాటలు. 2021లో చేసిన సహాయక పునరుత్పత్తి చట్టము ప్రకారము ఇట్టి చికిత్సాలయములన్నియు ప్రభుత్వమున నమోదు కావలెను. స్త్రీకి 21 నుండి 50 ఏండ్లలోపు, పురుషునికి 21 నుండి 55 ఏండ్లలోపు వయస్సుండవలెను. ఇతరుల బీజముగాని అండముగాని తీసికొనునపుడు, ఆ దాతకు ఈ వైరసు పరీక్ష తప్పక చేయవలెను. సొంత బీజములతో చికిత్స పొందగోరు దంపతులకు ఈ వైరసున్నంతమాత్రాన అడ్డుచెప్పు నిబంధన అందు లేదు. ధనము లేనివారికి ఒక మాట: 2023లో సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వపక్షమున ఐ.వి.ఎఫ్. కేంద్రము తెరువబడినది. భూమి అమ్ముకొనుటకు ముందు అచ్చట విచారించుట మంచిది.

కామెర్లనగానే మనవారు పరుగెత్తునది పసరు పోయువాని యొద్దకు. మణికట్టున వాత పెట్టించుకొన్న మచ్చలు మా బడిపిల్లల చేతులమీద నేటికిని చూచుచున్నాను. వాతలమాట విడిచిపెట్టుదము, అది హింసయే గాని వైద్యము కాదు. నేల ఉసిరిక సంగతి యట్లు కాదు. భూమ్యామలకి యని మన నిఘంటువులందు కీర్తింపబడిన ఆ చిన్న మొక్కను మదరాసు వైద్యపండితులు శ్రద్ధగా పరీక్షించి, 1988లో ‘లాన్సెట్’ అను ప్రసిద్ధ వైద్యపత్రికలో ప్రకటించిరి. బ్లంబర్గు పండితుడును అందు పాలుపంచుకొనెను. మందు తిన్నవారిలో సగముకంటె ఎక్కువమందికి వైరసు పోయినదని వారి లెక్క. లోకమంతయు ఆశతో చూచినది. కాని తరువాత ఇతర చోట్ల చేసిన పరీక్షలలో ఆ ఫలము కనబడలేదు. మన చెట్టుచేమలయందు నాకును ఆదరము కలదు. అయినను పసరు త్రాగి, రక్తపరీక్షకు పోక, రెండేండ్లు పోగొట్టుకొని కాలేయము చెడగొట్టుకొన్నవారిని తలచినపుడు ఆ ఆదరము నాలుకమీదనే ఆగిపోవును. నేడు టెనోఫోవిర్ అను మాత్ర కలదు. అది వైరసును పూర్తిగ తుడిచివేయదు గాని అణచియుంచును, గర్భిణులకును ఇయ్యదగినది. ఇంటర్‌ఫెరాన్ అను సూదులు మాత్రము గర్భకాలమున పనికిరావు. కావున పిల్లలను కోరుచున్నామని కాలేయ వైద్యునికి ముందుగనే చెప్పవలెను. గర్భము రాగానే బిడ్డకేమగునో యని మాత్రలు తమంతట తామే మానివేయుట ప్రమాదము. అణగియున్న వైరసు ఒక్కసారిగ పైకెగసి కాలేయమును కాల్చును.

గర్భము సహజముగ వచ్చినను, గాజుపాత్ర ద్వారమున వచ్చినను, అసలు పరీక్ష కాన్పు గడియలలో నున్నది. ఐ.వి.ఎఫ్. చేయించుకొన్నంతమాత్రాన తల్లినుండి బిడ్డకు వైరసు పోకుండ ఆగదు. ఏ రక్షణయు లేనిచో, వైరసు ఉద్ధృతముగ నున్న తల్లులకు పుట్టిన బిడ్డలలో నూటికి 70 నుండి 90మందికి అది తగులును. ఉద్ధృతి తక్కువైనవారి బిడ్డలలో 10 నుండి 40మందికి. దీనిని ఆపు మార్గము చేతిలోనే యున్నది. గర్భిణి రక్తమున వైరసు పరిమాణమును కొలిచి, అది 2 లక్షల యూనిట్లకు మించియున్నచో ఏడవ నెల మొదలు టెనోఫోవిర్ మాత్ర ఇత్తురు. బిడ్డ భూమిమీద పడగనే, 12 గంటలు దాటకుండ, ఒక తొడకు టీకా, రెండవ తొడకు ఇమ్యునోగ్లోబులిన్ అను రక్షకపు సూది వేయుదురు. టీకా బిడ్డకు యుద్ధము నేర్పును. అది నేర్చుకొనువరకు రెండవ సూది కావలి కాయును. తరువాత 6, 10, 14 వారములకు అందరు బిడ్డలకు వేయు అయిదు రోగముల టీకాలోనే ఇదియు కలిసియుండును. ఇట్లు చేసినచో నూటికి తొంబదిమందికి పైగా బిడ్డలు తప్పించుకొందురు. మాత్రయు తోడైనచో తగులుట చాల అరుదు. ఈ వైరసు కొరకు మాత్రమే కడుపు కోయించుకొన నక్కరలేదు. ముర్రుపాలు మొదలుకొని తల్లిపాలు నిర్భయముగ ఇయ్యవచ్చును. ఎందరో బాలింతలచేత పెద్దలు పాలు పిండి పారబోయించుట విని నా కడుపు తరుగుకొని పోయినది.

ఈ టీకా కథలో మన తెలుగువారి పాలు గొప్పది. 1990 దశాబ్దపు మొదట ఈ సూది విదేశములనుండి వచ్చెడిది. ఒక్కొక్క సూది వెల వందల రూపాయలు. మూడు సూదులు, ఇంట అయిదుగురు, ఇక పేదవాని మాట యేల? నెల్లూరు జిల్లాలో పుట్టిన కె.ఐ. వరప్రసాదరెడ్డిగారు వైద్యులు కారు, ఎలక్ట్రానిక్సు ఇంజనీరు. 1992లో జెనీవాలో జరిగిన యొక సభలో ఈ రోగమును గూర్చియు టీకాను గూర్చియు విని, దానిని మన దేశముననే చేయవలెనని నిశ్చయించుకొనిరి. విద్యను ఇయ్యుమని అడుగగా విదేశీ సంస్థలు అవమానించి పంపెను. 1993లో హైదరాబాదున తమ తల్లి శాంతమ్మగారి పేర శాంతా బయోటెక్నిక్సు స్థాపించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును, సి.సి.ఎం.బి.యందును చోటు సంపాదించి మన యువశాస్త్రజ్ఞులే పని సాగించిరి. ఈస్టు జాతి సూక్ష్మజీవిలో వైరసు పైపొర పదార్థమును పెంచి టీకా సిద్ధముచేసిరి. 1997 ఆగస్టులో అది ‘శాన్‌వాక్ బి’ అను పేర వెలువడెను. తరువాత భారత్ బయోటెక్కు మొదలగు సంస్థలును రాగా, వందలలో నున్న వెల పదులలోనికి దిగినది. ఒక తల్లి పేరు పెట్టుకొన్న సూది ఇందరు తల్లుల బిడ్డలను కాచినది.

అయితే ఆ సూది ప్రభుత్వపక్షమున ఉచితముగ అందరికి అందుటకు ఇంకను కాలము పట్టెను. ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమునకు 2007–08లో విస్తరించినది, దేశమంతటికిని 2011లో. లెక్క వేసి చూడుడు: నేడు మన యిండ్లలో పెండ్లియై కాపురమునకు వచ్చుచున్న ఆడబిడ్డలు చాలవరకు అంతకుముందు పుట్టినవారే. వారికి ఆ సూది పడలేదు. అందును నల్లమల చెంచుపెంటలలో, దేవరకొండ తండాలలో, బొంబాయి పూణేలకు వలసపోయిన పాలమూరు కూలీల గుడారములలో పుట్టినవారికి అసలు ఆసుపత్రి ముఖమే లేదు. కావున పెండ్లికి ముందుగాని, కాపురమునకు వచ్చిన మొదటి యేడుగాని ఆలుమగలిరువురును ఈ పరీక్ష చేయించుకొని, లేనివారు టీకా వేయించుకొనుట మంచిది. జాతకము చూపించుకొనుటకు పోయిన దారిలోనే ల్యాబు కూడ నున్నది. 2018 జూలై 28న ప్రారంభమైన జాతీయ కార్యక్రమము క్రింద ప్రభుత్వపు చికిత్సా కేంద్రములలో ఈ పరీక్షలు, మందులు ఉచితము. పాలమూరున 2016లోను, నల్లగొండ, సూర్యాపేటలలో 2019లోను వైద్యకళాశాలలు వెలసినవి గనుక, మునుపటివలె ప్రతిదానికిని పట్నము బస్సు నెక్కవలసిన పనియు తగ్గినది.

కడపట మన ఆచారమునకు సంబంధించిన చిక్కు యొకటి చెప్పి విరమించెదను. తొలికాన్పు పుట్టింట జరుగుట మన వాడుక. మంచి వాడుకయే. కాని తొమ్మిది నెలలు పరీక్షలు చేసినది అత్తవారి యూరి ఆసుపత్రి. కాన్పు చేయునది పుట్టింటివారి యూరి ఆసుపత్రి. సీమంతమైన పిదప చీరెలు, గాజులు, పండ్లు, పిండివంటలు పెట్టెకెత్తుదురు. రక్తపరీక్ష కాగితము మాత్రము అత్తగారి బీరువాలో నిలిచిపోవును. కొన్నియెడల కోడలే దానిని దాచును, తల్లికి తెలిసిన దుఃఖించునని. నొప్పులు వచ్చి అర్ధరాత్రి ఏ చిన్న ఆసుపత్రికో చేరినపుడు ఆ డాక్టరుకు సంగతి తెలియదు. టీకా యందుబాటులో నుండును గాని రక్షకపు సూది ప్రతిచోట సిద్ధముగ నుండదు; ముందు తెలిసినచో తెప్పించి యుంచుదురు, తెలియనిచో 12 గంటలు గడచిపోవును. కావున ఎనిమిదవ నెలలోనే పుట్టింటి యూరి ఆశా కార్యకర్తతోను, కాన్పు చేయబోవు డాక్టరుతోను విషయము చెప్పి, ఆ సూది యెచ్చట దొరకునో, అచ్చటికి చేరుటకు బండి యేదో నిశ్చయించుకొనవలెను. మాతాశిశు కార్డును, వైరసు పరిమాణపు కాగితమును, టెనోఫోవిర్ డబ్బీని ఒక గుడ్డసంచిలో కట్టి, పెట్టెలో అడుగున కాక, బిడ్డకు మొదట తొడుగు మెత్తని పాతగుడ్డలపై నుంచుడు. ఆ రాత్రి మొదట తీయునవి అవే గదా.